నీలిపిడి మీద కొత్త గీత

మూసీ నీళ్లు ఇమ్లీబన్ బస్టాండులోకి దూరిన ఏడాది అది. బస్టాండు బురద ఇంకా పూర్తిగా ఎత్తకముందే సురేందర్ మాయమయ్యాడు. సురేందర్ ఆఫీసు మనిషి. ఆఫీసంటే బోర్డు లేని ఆఫీసు. క్షిపణి డిజైన్లు కొనుక్కుపోయే విదేశీ ముఠా వెంటపడి, చివరికి ఆ ముఠా చేతికే చిక్కాడు.

అతన్ని తెచ్చే పని ఏజెంట్ విజయేందర్ మీద పడింది. సురేందర్ అతని చెల్లెలు సంగీత మొగుడు. పది రోజులుగా ఆమె ఫోన్ చేస్తోంది. విజయేందర్ ఎత్తడం లేదు.

బ్రీఫింగ్ పంజగుట్టలో, ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైఅంతస్తులో. కింద డ్రిల్లింగ్ మెషిన్ కీచుమంటోంది. చీఫ్ హనుమత్ప్రసాద్ గారు బల్ల మీద ఒక డబ్బా పెట్టి మూత తీశారు. లోపల దూది. దూదిలో మడతకత్తి. టైటానియం పిడి, నెమలి మెడ రంగు.

"పోయిన వారం ఎయిర్‌పోర్టులో తారక్ అనేవాణ్ణి పట్టుకున్నాం. మనిషి నోరు విప్పించడంలో, తర్వాత శాశ్వతంగా మూయించడంలో స్పెషలిస్టు. ముఠావాళ్లు సురేందర్ కోసమే పిలిపించారు. వారం రోజులు అమీర్‌పేట లాడ్జిలో పడుండి ఇవాళ మీటింగుకి రమ్మని వాడికి ఆర్డరు. ఇక్కడ వాడి మొహం ఎవరూ చూడలేదు. ఈ కత్తే వాడి ఆధార్ కార్డు."

"గిసుంటి కత్తులు బజార్ల మస్తు దొరుకుతయ్ సార్."

"కత్తి దొరుకుతుందయ్యా, గీతలు దొరకవు. టైటానియం అంటే గీత పడదనుకుంటాం. లోహం గట్టిదే, పైన ఈ నీలం మాత్రం ఉల్లిపొర. తాళంచెవి రాసుకుంటే చాలు, కింద తెల్లగా బయటపడుతుంది. ఒక కత్తి మీద పడ్డ గీతలు ఇంకో కత్తి మీద పడవు. విమానం ఎక్కేముందు వాడు పిడి ఫొటో తీసి వాళ్లకి పంపాడు. దాంతో పోల్చి చూస్తారు."

"ఎవరు చెప్పిన్రు?"

"మంజూష."

మంజూష అమీర్‌పేటలో జావా కోచింగ్ చెబుతుంది. ఆమె క్లాసులో వెనక బెంచీలే ముందు నిండుతాయని పేరు, ఆమె వరసల మధ్య నడిచొస్తుంటే చూడడానికి. ముఠాలో ఉంటూ రెండేళ్లుగా ఆఫీసుకు కబుర్లు మోస్తోంది. తారక్ రాకడ చెప్పింది కూడా ఆమే.

"కొత్త గీత ఒక్కటి కూడా పడకూడదని మరీమరీ చెప్పింది. తారక్‌లా వెళ్లి వాళ్ల టేబుల్ దగ్గర కూర్చునేదాకా దూదిలోంచి తియ్యకు," అన్నారు చీఫ్.

విజయేందర్ అక్కణ్ణుంచి మధురానగర్ వెళ్లాడు. హాస్టళ్ల మధ్య ఒక ఫ్లాటు. వంటగదిలో తారక్ కుర్చీకి కట్టేసి ఉన్నాడు. కుడిచేతి వేళ్లు రెండు ఎటో తిరిగి ఉన్నాయి. తిప్పింది విజయేందరే. అతను తారక్ చొక్కా తొడుక్కున్నాడు, తారక్ సెంటు కొట్టుకున్నాడు. బూటు మడమలో ట్రాకర్ బిగించుకున్నాడు.

"నా కత్తి ఏం చేసిన్రు?" అన్నాడు తారక్.

"దూదిల చుట్టి పెట్టినం."

తారక్ నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "దూదిలనా. మంచిగ చేసిన్రు. పో అన్న, జల్ది పో."

"ఎందుకు నవ్వుతున్నవ్?"

విజయేందర్ తారక్ మూడో వేలు పట్టుకున్నాడు. పుల్ల విరిగినట్టు చప్పుడైంది. తారక్ అరిచాడు. అరుపు ఆగగానే మళ్లీ నవ్వు. విజయేందర్ చేతులు కడుక్కొని బయటపడ్డాడు.

అమీర్‌పేట మెట్రో కింద, కోర్సుల పాంప్లెట్లు పంచేవాళ్ల మధ్య నడుస్తుంటే ఆ నవ్వు అర్థమైంది. కత్తి జేబులో వేసుకు తిరిగేవాడి జేబులో తాళాలుంటాయి, చిల్లర ఉంటుంది. వారం కింద ఫొటోలో ఉన్న గీతలే ఇవాళా ఉండి, కొత్తది ఒక్కటీ లేకపోతే, ఆ కత్తి వారంగా జేబులో లేదన్నట్టు. సర్కారు దూదిలో ఉన్నట్టు.

మరి మంజూష అట్లా ఎందుకు చెప్పింది? తెలియకనా, తెలిసేనా?

చీఫ్‌కి ఫోన్ చేయలేదు. దూది తీసి మోరీలో పారేశాడు. కత్తిని బండి తాళాలతో, రూపాయి బిళ్లలతో కలిపి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. మెట్రో స్తంభాల పక్కన గబగబా అడుగులేస్తూ పంజగుట్ట దాకా నడిచాడు. జేబులో గలగలలాడుతూనే ఉంది.

మీటింగు పెట్టిన ఇరానీ హోటల్లో, అందరికీ వినబడేలా వెయిటర్‌తో కోడ్ చెప్పాడు. "భాయ్, మెత్తబడ్డ బిస్కెట్లు ఉన్నయా?"

"ఖరాబ్ మాల్ మేం అమ్మం భాయ్. దిమాగ్ ఉన్నదా?" అన్నాడు వెయిటర్.

"మా ప్లేట్లో ఉన్నాయి, ఇలా రండి బ్రదర్," అని మూలనుంచి ఒకడు పిలిచాడు. భార్గవ్. ముఠాకు ఇక్కడి పెద్ద. చెయ్యి ఒకటే బల్ల మీద ఉంది. రెండోది కింద, పిస్తోలు మీద. పక్కన మంజూష, ఆకుపచ్చ సిల్కు చీర. విజయేందర్‌ని ఎన్నడూ చూడనట్టే చూసింది.

ఆమె కత్తి అందుకొని, ఫోనుకు లెన్సు తగిలించి పిడి మీద ఆనించింది. "ఫొటోలో గీతలన్నీ ఉన్నాయి భార్గవ్ గారూ. ఇప్పుడు కొత్తవి చూడండి. వారం జేబులో తిరిగిన కత్తి కదా. ఒక్కటీ లేకపోతే ఏంటి అర్థం?"

తీయగా నవ్వింది.

భార్గవ్ లెన్సులోకి వంగాడు. "క్లిప్పు పక్కన నాలుగైదు ఉన్నాయి. తాళం గీతలే."

"సరిగ్గా చూడండి."

"చూశానమ్మా. కళ్లున్నాయి నాకు." భార్గవ్ కత్తి తిరిగిచ్చాడు. "నీ కార్డు నువ్వే ఉంచుకో బ్రదర్."

మంజూష మొహంలో నవ్వు ఉంది, రక్తం లేదు. విజయేందర్‌కి లెక్క తేలింది. సురేందర్‌ని అమ్మింది ఈమే. తనను కూడా అమ్మేదే, కాని నోటితో అమ్మలేదు. ఇతను ఆఫీసు మనిషి అంటే, నీకెట్లా తెలుసు అని భార్గవ్ అడుగుతాడు. రెండు చోట్లా జీతం తీసుకునేదానికి ఆ ప్రశ్న చావు. అందుకే కత్తితో చెప్పించబోయింది.

"భార్గవ్ భాయ్, గీ మేడమ్‌ని జర చూసుకోండ్రి," అన్నాడు విజయేందర్ టీ చల్లార్చుకుంటూ. "పొద్దుగాల మెట్రో కింద తెల్ల ఇన్నోవాలకెల్లి దిగింది. ముందు సీట్ల కూసున్నోనివి సర్కారీ బూట్లు."

భార్గవ్ టీ ముట్టుకోలేదు. "లే," అన్నాడు ఆమెతో.

సనత్‌నగర్‌లో మూతబడ్డ లేత్ షెడ్డు. లోపల సురేందర్. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రెండో కన్ను బావను చూసింది, నేల చూపులు చూసింది. ఆరితేరినవాడు.

"ముందు ఈవిడతో మొదలెట్టు," అన్నాడు భార్గవ్. "వాడు చూస్తుంటే, తర్వాత వాడి పని సులువు."

విజయేందర్ ఆమెను కుర్చీలో కూలేసి బైండింగ్ వైరు చుట్టాడు.

"విజయేందర్ గారూ, ప్లీజ్," అంది గొణుగుతూ.

"ఎవరు గాయన?" అన్నాడు. ఇంకో మెలిక తిప్పాడు. తీగ చర్మంలోకి దిగింది.

అప్పుడు ఆమె అరిచింది. "భార్గవ్ గారూ, వీడు తారక్ కాదు. విజయేందర్. ఆఫీసు మనిషి."

పిస్తోలు విజయేందర్ గుండెకు తిరిగింది. భార్గవ్ వేలు బిగుసుకుంది. కాని చూపు మాత్రం ఆమె వైపు పోయింది. "ఆఫీసు వాళ్ల పేర్లు నీకెలా తెలుసు?"

ఆ ప్రశ్నకు పట్టినంత సేపు చాలు. కత్తి టక్కుమని విచ్చుకుంది. భార్గవ్ గొంతు కింద పిడిదాకా దిగింది. పిస్తోలు పేలి, గుండు పైకప్పు రేకుకు తగిలింది. విజయేందర్ అతన్ని పడనివ్వలేదు, పట్టుకొనే ఉన్నాడు, కాళ్లు తన్నుకోవడం ఆగేదాకా.

తర్వాత సురేందర్ కట్లు కోశాడు.

"నావి," అంది మంజూష.

"ఆఫీసోళ్లు వస్తరు."

వాళ్లు ఎర్రగడ్డ ట్రాఫిక్‌లో ఇరుక్కొని చాలా ఆలస్యంగా వచ్చారు. ఆమెను కుర్చీతో సహా ఎత్తుకుపోయారు.

తెల్లారి విజయేందర్ ఆస్పత్రికి వెళ్లాడు. గది బయట బెంచీ మీద సంగీత నిద్రపోతోంది. లేపలేదు. సురేందర్ మంచం పక్కన కూర్చొని, జేబులోంచి నీలిపిడి కత్తి తీసి, బత్తాయి ఒలవడం మొదలుపెట్టాడు.

"గిదే కత్తా బావా?"

"కడిగిన."

సురేందర్ తొన అందుకొని, పిడి వైపు చూస్తూ ఆగాడు. "గీతల్ల రక్తం ఏమన్న ఉంటదేమో."

"ఏముండదు," అన్నాడు విజయేందర్, ఇంకో తొన తీస్తూ. "గంత లోతు పడవు గవి. తిను."