ఆండాలు టీచర్ చూసిన కీబోర్డు

పొద్దున్నే హరీష్ టిఫిన్ బాక్సు పట్టుకుని ఎల్బీనగర్ మెట్రోకి వెళ్ళిపోయాడు. భోజనాల బల్లని అతని భార్య సింధూర, ఓ కొత్త కీబోర్డు ఆక్రమించుకున్నారు. దాని మీద రివ్యూ రాసి మధ్యాహ్నంలోగా ఒక గ్యాడ్జెట్ వెబ్‌సైటుకు పంపాలి. నచ్చితే ఉద్యోగం. ఇదివరకు పంపిన రెండు రివ్యూలూ తిరిగొచ్చాయి. ఇదే ఆఖరి అవకాశం.

అత్తగారు ఆండాలు వచ్చి వెనక నిలబడింది. కొత్తపేటలో ఇన్‌స్టిట్యూట్ పెట్టి పాతికేళ్ళు టైపు నేర్పిన మనిషి.

“గిదేంది, గింత చిన్నగున్నది? బాణం మీటలేవి? సగం కోసి పంపిన్రా?”

“కంప్యూటర్లో ఆటలాడేవాళ్ళకి అత్తయ్యా. మౌస్ తిప్పడానికి చోటు మిగలాలిగా. లోపల లైటుంటుందండీ. మీట కాస్త దిగి దానికి అడ్డొస్తే చాలు, అక్షరం పడిపోద్ది.”

“ఏదీ, జర జరుగు.”

ఆండాలు నిటారుగా కూర్చుని ఎనిమిది వేళ్ళూ మధ్య వరుస మీద ఆనించింది. ఇంకా ఏమీ కొట్టనేలేదు, తెర మీద అక్షరాలు బారులు తీరాయి.

“నేనేం కొట్టలే. ఇది ఖరాబున్నది.”

“ఖరాబు కాదండీ, మీది పాత టైపు మిషన్‌కి అలవాటైన చెయ్యి. ఇది మీలాంటివాళ్ళకి కాదు, వదిలేయండి!”

ఆండాలు లేచింది. “ఇన్‌స్టిట్యూట్ మూసి పన్నెండేండ్లాయె. నా చెయ్యి సంగతి నాకెరుకనే,” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

‘ఆటకైనా ఆఫీసు పనికైనా ఇదే’ అని ముగించి, సింధూర రాసిందంతా చదువుకుంది. ఆలోచిస్తూ మీటల మీద వేళ్ళు ఆనించి ఆగిన చోటల్లా అక్కర్లేని అక్షరాలు. పొద్దుట్నుంచీ తన తొందరే అనుకుని చెరిపేస్తూ వచ్చినవీ ఇలాంటివే!

“అత్తయ్యా, మీరే కరెక్టు,” అంది వంటింటి గుమ్మంలో నిలబడి. “నోరు జారాను. ఆటలో వేగం అదిరింది గానీ, రాసేటప్పుడు వేళ్ళు ఆనిస్తే తప్పులు పడుతున్నాయి. మీరొచ్చి పరీక్ష పెట్టండి. మీరు చెప్పిందే రాస్తాను.”

ఆండాలు కొంగుతో కళ్ళొత్తుకుంది. “పన్నెండేండ్లల్ల నన్నెవ్వరు గిట్ల అడుగలే బిడ్డా.”

గంటసేపు ఆండాలు కొట్టింది, సింధూర తప్పులు లెక్కపెట్టింది. ‘ఆటకి కళ్ళు మూసుకుని కొనొచ్చు. రోజంతా టైపు చేసేవాళ్ళు మాత్రం షాపులో వేళ్ళు ఆనించి చూశాకే కొనండి’ అని మార్చి పంపేసింది.

రెండింటికి ఆ వెబ్‌సైటు ఎడిటర్ జ్యోతిక ఫోన్ చేసింది. “ఈ ఉద్యోగానికి రాసి పంపిన మిగతా అందరూ వేగాన్నే పొగిడారు. మీది వేస్తున్నాం, సోమవారం వచ్చి చేరండి. ఆ టైపు పరీక్ష ఎవరు చేశారు? పేరు వేయాలి.”

“మా అత్తగారు!” సింధూర ఫోన్ ఆమె ముందు పెట్టింది.

ఆండాలు గొంతు సవరించుకుంది. “ఆండాలు, టైప్ హయ్యర్ పాస్. గట్లనే ఎయ్యిండ్రి, తప్పుల్లేకుండ.”