దించిన అద్దాలు

ధ్యానం అనే మాటకి ఈ రోజుల్లో పట్టిన గతి చూస్తే నవ్వొస్తుంది. నెమ్మదిగా నమలడం ధ్యానం. గిన్నెలు తోమడం ధ్యానం. పనీ పాటా లేకుండా కిటికీలోంచి వాన చూస్తూ కూర్చుంటే అది అన్నిటికన్నా పెద్ద ధ్యానం. ఒకప్పుడు సైకిలు తొక్కినవాడు తొక్కి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చునేవాడు. దారిలో తనకేం సాక్షాత్కరించిందో వీధిలో టముకు వేసేవాడు కాదు.

కళ్ళజోళ్ళాయన టముకు వేసే రకం. ఆయన ధ్యానం మోటారుసైకిలు.

పళ్ళ డాక్టరు క్లినిక్ మెట్ల కింద, ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటికి పోవాల్సిన ఇరుకు షాపు ఆయనది. ఒక గోడ నిండా ఫ్రేములు, ఎదురు గోడకి పెద్దవాటి నుంచి చిన్నవాటికి దిగే అక్షరాల బోర్డు. చూపు పరీక్షకి వచ్చినవాళ్ళు గడ్డం స్టాండు మీద ఆనించాక లేచి పోలేరు కదా, సరిగ్గా అప్పుడు మొదలుపెట్టేవాడు.

"బండి టాప్ గేర్లో పడి, ఇంజను చప్పుడు ఒక్క తీరుకి వచ్చాక, ఇక నేనంటూ ఉండనండీ. చేతుల పని చేతులు చేసుకుంటాయి. మలుపు దానంతట అదే వస్తుంది, దానంతట అదే పోతుంది. లోపల అంతా ఖాళీ. మీకు చెప్పినా ఎక్కదులెండి, మీరు కారు మనుషులు."

కారు మనుషులంటే ఆయన దృష్టిలో సీసాలో పడ్డ బొద్దింకలు. స్కూటరు వాళ్ళు కూరగాయల సంచులు. బస్సెక్కేవాళ్ళు అసలు లెక్కలోకే రారు. ఒకసారి భార్య వెనక కూర్చుని "ఏవండీ, ఉప్పు అయిపోయింది" అన్నందుకు, ఖాళీ అంతా చెడగొట్టావని ఆమెని మళ్ళీ బండి ఎక్కించలేదు. ఉప్పుకి చెడిపోయే ఖాళీ ఏం ఖాళీయో ఆవిడ అడగలేదు. అడిగి ప్రయోజనం లేదని పెళ్ళయిన కొత్తలోనే తెలుసుకుంది.

కూతురిని మాత్రం ఎక్కించుకోక తప్పేది కాదు. ఆ పిల్లకి పదేళ్ళు. ఈత నేర్చుకోవడానికి ఊరవతలికి వెళ్ళాలి. ఆ దారిలో పాత మిల్లు గోడ దాటాక, రెండువైపులా నీలగిరి చెట్లు, గుంటలు లేని నున్నటి రోడ్డు. ఆయన ఖాళీ అయిపోయేది అక్కడే. పిల్లకి పెట్టిన షరతు ఒక్కటే, నోరెత్తకూడదు. ఆ వయసు పిల్ల అంత బుద్ధిగా ఎలా నోరు మూసుకుంటోందని తండ్రన్నవాడికి అనుమానం రావాలి. మనవాడికి రాలేదు. ఖాళీగా ఉన్నాడు మరి.

ఒకరోజు ఇంటి ముందు బండి ఆపాక చూస్తే, అద్దాల్లో వెనక వీధి లేదు. కింద తారు, తన మోచెయ్యి, అంతే. రెండు అద్దాలూ అంతే. అద్దాల సంగతి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, అదే వృత్తి. తన కళ్ళకంటే జానెడు కిందున్న కళ్ళకి సరిపోయేలా ఎవరో వాటిని వంచారు. ఇంట్లో జానెడు తక్కువ మగాడు ఒకడే. బామ్మర్ది. షాపులో అద్దాలు అరగదీసే పని వాడిదే.

"ఏరా, నా బండి తోలావా?"

"నీ బండా? దాని మీద కూర్చుంటే నా కాళ్ళు నేలకి అందవు బావా."

"అద్దాలు నీ కొలతకి ఎందుకున్నాయి మరి?"

"నా కొలతకి ఈ లోకంలో ఏం తయారు చేశారని?" అంటూ బామ్మర్ది చేతిలో ఉన్న అద్దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. "అది సరే గానీ, నిన్న సాయంత్రం నువ్వు మిల్లు వైపు నుంచి వస్తూ నన్ను చూసి చెయ్యూపావు. నవ్వావు కూడా."

"నేనా?"

"నాకూ అదే డౌటు వచ్చింది. వెనక్కి తిరిగి చూసుకున్నా, ఇంకెవరైనా పెద్దమనిషి ఉన్నాడేమోనని."

అబద్ధాలకోరు అనుకున్నాడు కళ్ళజోళ్ళాయన. పొట్టివాళ్ళ బుద్ధే అంత అనుకున్నాడు. ఆయన మనసులో మనుషులందరికీ ఇలాంటి చీటీలు అంటించి ఉండేవి. పానా తెచ్చి అద్దాల నట్లు బిర్రుగా బిగించాడు. భార్య గోళ్ళరంగు సీసా తీసుకుని, నట్టు మీదుగా కడ్డీ దాకా ఎర్రగా ఒక గీత గీశాడు. ఎవడైనా తిప్పితే గీత తెగుతుంది. వెధవ దొరుకుతాడు.

మర్నాడు సాయంత్రం పిల్లని తీసుకురావడానికి ఒక్కడే బయల్దేరాడు. మిల్లు గోడ దాటింది. ఇంజను శ్రుతిలో పడింది. ఎండ చల్లారి, నీలగిరి ఆకుల ఘాటు గాలిలో కలిసింది. చెట్ల నీడలు ఒక్కొక్కటే ఒళ్ళు నిమిరి వెళ్ళిపోతున్నట్టుంది. భుజాలు బరువు దిగాయి, ఊపిరి ఇంజనుతో కలిసిపోయింది. నిజం చెప్పాలంటే ఆ సుఖం సుఖమే. ఎంత వెటకారం చేసినా అది కాదనలేం.

ఈత కొలను గేటు ముందు బండి ఆగి ఉంది. ఎప్పుడు ఆపాడో గుర్తు లేదు. అది మామూలే.

అద్దాల్లో తారు, మోచెయ్యి.

కిందికి దిగి వంగి చూశాడు. ఎర్ర గీత ఎక్కడా తెగలేదు. వెంట్రుకంత చీలిక కూడా లేదు. నట్టు బిగించినట్టే ఉంది. కానీ అద్దం వంగి ఉంది. హెల్మెట్ తీయబోతే గడ్డం కింద పట్టీ గొంతుని నొక్కింది... ఎవరో చిన్న తలకి తగ్గట్టు బిగించారు. లోపలి మెత్త నుంచి, చాలాకాలం మూత తెరవని పెట్టె వాసన వచ్చింది. ఆయన వాడే తలనూనె వాసన కాదది.

పిల్ల తడి జుట్టుతో పరిగెత్తుకుంటూ వచ్చింది.

"చిట్టీ, ఈ అద్దాలు ఎవరు ముట్టుకున్నారు?"

"నువ్వే కదా నాన్నా. మిల్లు దాటగానే దించుకుంటావుగా రోజూ."

"నేనా?"

"పాట పాడేటప్పుడు."

ఆయన పాడడు. పాడేవాళ్ళంటే ఆయనకి పడదు.

"ఏం పాట?"

పిల్ల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "చెప్పకూడదన్నావుగా. ఇంట్లో ఉండే నాన్నకి చెప్పకూడదన్నావు."

కొలనులోంచి మందునీళ్ళ వాసన. లోపల ఎవరో నీళ్ళలో దూకిన చప్పుడు.

"ఇంకేమన్నాను?"

"చాలా మాట్లాడతావు కదా. స్కూల్లో ఏం జరిగిందో అన్నీ అడుగుతావు. ఇంట్లో ఏ గది ఎటుందో అడిగావు. అమ్మ ఎటు పక్కకి తిరిగి పడుకుంటుందో అడిగావు. అద్దాలన్నీ ఎంత ఎత్తులో ఉన్నాయని అడిగావు." పిల్ల తువ్వాలుతో ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు అడిగినట్టు కాదు. నవ్వుతూ అడుగుతావు."

పిల్లల కట్టుకథలు, అనుకోబోయాడు. ఎర్ర గీత చూసి అనుకోలేకపోయాడు.

ఊళ్ళోకి దారి అదొక్కటే. కావాలంటే గేటు దగ్గర ఆటో ఎక్కొచ్చు. కానీ ఈత కొలను కాపలావాడి ముందు, తన బండి ఉండగా, కూతురి చెయ్యి పట్టుకుని ఆటో కోసం నిలబడడమా? ప్రాణం పోయినా ఆ పని చెయ్యడు. అద్దాలు తన ఎత్తుకి లేపుకుని, పిల్లని ఎక్కించుకుని, బండి తీశాడు. ఈసారి ఖాళీ కాకూడదు. ఒక్క క్షణం కూడా.

"ఏదైనా మాట్లాడు చిట్టీ," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

పిల్ల పెదవుల మీద వేలు పెట్టుకుంది.

సెకండ్ గేర్లోనే నడిపాడు. కావాలని క్లచ్చు వదిలి కుదుపులు తెప్పించాడు. పెదవి కొరుక్కున్నాడు. షాపు బోర్డు మీద అక్షరాలు పైనుంచి కిందికి గట్టిగా చదివాడు. మొదటి వరస... రెండో వరస... వెలుతురు తగ్గుతోంది. నీలగిరి ఘాటు. మూడో వరస... అక్షరాలు చిన్నవవుతున్నాయి. ఎన్నో ఏళ్ళు చేత్తో తుడిచి తుడిచి నున్నగా చేసిన జారుడుబల్ల లాంటిది ఆయన మనసు. ఎక్కడ పట్టుకుందామన్నా గరుకు లేదు. చేతులు వాటంతట అవే గేరు మార్చాయి... ఇంజను ఒక్క తీరుకి వచ్చింది...

"చిట్టీ... పట్టుకో నన్ను..."

వెనక నుంచి చిన్న చేతులు నడుము చుట్టూ బిగిశాయి. ప్రేమగా. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు.

ఇంటి ముందు బండి ఆగి ఉంది. స్టాండు వేసి ఉంది. పిల్ల దిగుతూ ఆయన చెవి దగ్గరికి వచ్చి, గుసగుసగా అంది.

"ఇల్లు చూశావుగా. ఇంక వెళ్ళిపోవు కదా?"

ఆ రాత్రి బండికి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని పడుకున్నాడు. పొద్దున బండి అమ్మేస్తానని భార్యతో చెప్పాడు. ఆవిడ నిద్రలో ఊ కొట్టింది.

తెల్లవారింది. స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని, గడ్డానికి సబ్బు రాసుకుని తలెత్తాడు. ఎదురుగా సున్నం గోడ. అద్దం ఆయన ఛాతీ దగ్గర వేలాడుతోంది. మేకు తుప్పుపట్టి ఉంది, ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నట్టు. పైన ఆయన కొట్టిన మేకు తాలూకు రంధ్రం లేదు. వేలితో తడిమి చూశాడు. గోడ నున్నగా ఉంది.

వంటింట్లో భార్య నవ్వింది. పెళ్ళయ్యాక ఆమె అలా నవ్వడం ఆయన వినలేదు.

"ఉప్పు మర్చిపోకండి," అంటోంది ఎవరితోనో.

కిందికి చూసుకున్నాడు. తాళంచెవి గుప్పిట్లోనే ఉంది. వీధిలో బండి స్టార్టయింది. ఆ చప్పుడు ఆయనకి తెలుసు, యాక్సిలరేటరుని అలా మెలితిప్పేది తన మణికట్టే. కూతురి నవ్వు వినిపించింది. బండి సందు మలుపు తిరిగింది, టాప్ గేర్లో పడింది, సన్నగా, సాఫీగా, ఒక్క తీరుగా దూరమైపోయింది.

చేతిలోంచి మగ్గు జారి బకెట్లో పడింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అడుగులు వచ్చి తలుపు అవతల నిలబడ్డాయి.

"లోపల ఎవరు?" అంది భార్య, భయం భయంగా, గొంతు దించి.

నేను, అనాలి. ఊరందరి ముందూ వదిలించుకున్నానని గొప్పలు పోయిన మాట అదొక్కటే. నోరు తెరిచాడు.

ఛాతీ ఎత్తున ఉన్న అద్దం మీద, అప్పుడే ఎవరో దగ్గరగా ఊపిరి వదిలినట్టు, గుండ్రంగా ఆవిరి పట్టి ఉంది. అది ఇంకా ఆరలేదు.