ఎండకు కాగిన నీళ్ళు

"ఎన్నాళ్ళుంటారు?" అన్నాడు వెల్డరు, ఆమె సంచీ కింద పెట్టకముందే.

"రాగానే పంపించే ఆలోచనేనా?" అంది నర్సు.

అతని తప్పు కాదు. కరెంటు తీగ చేరని తన పొలంలో కలిసి బతికేవాళ్ళు కావాలని ప్రకటన ఇచ్చాడు. వచ్చినవాళ్ళందరూ కోళ్ళకు ముద్దుపేర్లు పెట్టారు, ఫోటోలు దిగారు. ముసురు పట్టి సోలార్ దీపాలు ఆరిపోగానే మూటాముల్లె సర్దుకున్నారు. ఒక్కడే తవ్వీ మోసీ అతను అలిసిపోయాడు. ఈమె కూడా వెళ్ళిపోతే పొలం అమ్మేస్తానని, తనతో ఉంటున్న పెద్దమ్మకు మాటిచ్చేశాడు.

నర్సు కూడా అలిసిపోయే వచ్చింది. వార్డుల్లో ఏళ్ళ తరబడి నిలబడిన కాళ్ళు ఆమెవి. ఒక నెల ఉండి చూస్తానంది.

కట్టెల పొదుపు కోసం పొయ్యి మీద నీళ్ళు పెద్దమ్మకే కాచేవారు. మిగిలినవాళ్ళకు కప్పు మీద నల్లపీపాలో ఎండకు కాగినవే గతి. తొట్టి నుంచి పీపా దానంతటదే నిండేది, కానీ కాగిన నీళ్ళు రోజుకు ఒక్కరి స్నానానికే సరిపోయేవి.

చలి ముదిరింది. ఆమె కలుపు తీస్తూ అతని వైపు చూసేది. అతను గబుక్కున గునపం వైపు చూసేవాడు. ఇద్దరికీ తుమ్ములు పట్టుకున్నాయి. ఆమె తుమ్మినప్పుడల్లా అతని మనసు చివుక్కుమనేది. నెల నిండుతుండగా, ఇక్కడ మీకు పడటం లేదు, రేపు బస్సెక్కిస్తానన్నాడు. ఆమె బట్టలు మడతపెట్టుకుంది.

ఆ సాయంత్రం పెద్దమ్మ గిన్నె కడగబోయి పీపా కుళాయి తిప్పి, చెయ్యి చురుక్కుమని వెనక్కి లాక్కుంది.

"ఒరేయ్, పొద్దుగూకినా నీళ్ళు కాలిపోతున్నాయి. మీ ఇద్దరిలో స్నానం మానేసిందెవరు?"

"నేను చన్నీళ్ళు పోసుకుంటున్నాను. వేడివి ఆవిడకని వదిలేశాను," అన్నాడు వెల్డరు.

నర్సు తలెత్తింది. "నేనూ చన్నీళ్ళే. పగలంతా తవ్వే మనిషికి ఉంటాయని."

పెద్దమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సరిపోయారు ఒకరికొకరు అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

"వెళ్ళకండి," అన్నాడతను చేతిలోని పార మీద నుంచి చూపు తీయకుండా. "ఒక్కణ్ణే చెయ్యలేక కాదు. మీరు లేకపోతే చెయ్యాలనిపించదు."

"నాకూ ఇంకో బస్సెక్కే ఓపిక లేదు," అంది ఆమె. మళ్ళీ, "ఓపికున్నా ఎక్కను," అంది.

అతను పార పట్టుకునే నిలబడ్డాడు.

"ఆ పార అవతల పెట్టి కూర్చోండి."

కూర్చున్నాడు.