బల్ల మీది ద్రాక్షరసం

పక్కింటి ఆదెమ్మ చెప్పింది ఆమె కళ్లతో చూసింది కాదు. తండాలో ఉండే పూలి చూసిందట. పూలి పాలకేంద్రం దగ్గర ఎవరితోనో అన్నదట. అక్కడ పాలు పోస్తూ ఆదెమ్మ విన్నదట. విన్నదానికి తన వంతు ఉప్పూకారం దట్టించి, పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లుతున్న విశ్రాంతమ్మ ముందు దించింది. ఆమె మొగుడు సంసోను నిన్న పొద్దున తాటివనంలో కల్లు తాగుతున్నాడట, పక్కన కల్లు గీసే గంగయ్య, తండా గోప్యా ఉన్నారట, నడుమ కల్లు లొట్టి ఉందట, ముగ్గురి నవ్వులూ రోడ్డు దాకా వినిపించాయట.

"నాకెందుకులే వదినా, నీ చెవినేసిన," అని చేతులు దులుపుకుని పోయింది.

విశ్రాంతమ్మ చేతిలో పేడనీళ్ల చెంబు అట్లాగే నిలిచిపోయింది. సంసోను ఫారెస్టు డిపోలో వాచ్‌మన్. కుర్రతనంలో తాగేవాడే. బాప్తిస్మం నీళ్లలో మునిగి లేచిన రోజున మానేశాడు. ఆ సంఘంలో తాగుడు చిన్న తప్పు కాదు. తాగాడని తేలితే 'బల్ల ఆపుతారు'. అంటే నెలనెలా రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు అతనికి చోటుండదు. చర్చిలో వెనక వరసలో కూర్చోవాలి, ముందుకు రాకూడదు. వచ్చే గురువారమే కూతురు రిబ్కా పెళ్లి. తండ్రి చెయ్యి పట్టుకుని గుమ్మం నుంచి బల్ల దాకా నడవాలని ఆ పిల్ల చిన్నప్పటి నుంచి కలలు కంటోంది.

ఆ బల్ల మీది రసం కాచేది విశ్రాంతమ్మే. అత్త చేతి నుంచి తనకొచ్చిన పని. నల్ల ఎండుద్రాక్ష నానేసి, పిసికి, గుడ్డలో వడగట్టి, చక్కెరేసి, పులవకుండా బాగా కాచి జాడీకెత్తుతుంది. అక్షరం ముక్క రాని మనిషిని చర్చిలో చదువుకున్నవాళ్లు కూడా లేచి పలకరించేది ఆ జాడీ వల్లే. పోయిన నెల మాత్రం పెళ్లి పనుల్లో పడి సరిగ్గా కాచలేదు. ఆదివారం పొద్దున మూత తీస్తే బుస్సుమని నురుగు లేచింది. పులిసిన కల్లు వాసన ముక్కుకెక్కింది. పారబోస్తే మళ్లీ కాచే పొద్దు లేదు. ఇంకాస్త చక్కెర కలిపి, తలొంచుకుని పంపేసింది. సంఘపెద్ద యాకోబు తన గిన్నె ఖాళీ చేసి పెదాలు చప్పరించాడు. ఈసారి రసం మంచిగ కుదిరిందని మెచ్చుకుని, ఆరాధన అయ్యాక మిగిలిందేమన్నా ఉందా అని అడిగి మరీ ఇంకో గిన్నె పోయించుకున్నాడు. ఆ సంగతి ఆమె కడుపులోనే దాచుకుంది.

మొగుణ్ణి నిలదీసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ అతను డ్యూటీలో ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే చర్చిలో స్త్రీల కూటం. అక్కడ ఎవరి బరువు వాళ్లు చెప్పుకుంటారు, మిగతావాళ్లు ప్రార్థన చేస్తారు. ఒకామె మోకాలి నొప్పి చెప్పింది, ఇంకొకామె కోడలి నోరు చెప్పింది. విశ్రాంతమ్మ వంతు వచ్చేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. మా ఇంటాయన కోసం ప్రార్థన చెయ్యుండ్రి, మళ్ల కల్లు ముట్టిండు అని చెప్పేసింది. ఆమె చెప్పుకున్నది దేవుడికి. విన్నది మాత్రం చాపల మీద కూర్చున్న ఆడవాళ్లందరూ. పొద్దుగూకే లోపల ఆ మాట యాకోబు ఇంటి గడప తొక్కింది.

సాయంత్రం సంసోను సైకిలు గోడకానించకముందే రిబ్కా తల్లి మీద విరుచుకుపడింది. చర్చి నుంచి కబురు వచ్చింది, రేపు పెద్దలు వస్తున్నారు. తల్లి తన చేత్తోనే తండ్రిని వెనక వరసకి తోసిందంటూ, నాయిన పట్టని చెయ్యి ఇంకెవరికీ ఇయ్యనంటూ గదిలోకి పోయి తలుపేసుకుంది.

"తాగినవా?" అన్నది విశ్రాంతమ్మ.

"అవ్. ఒక్క దొప్ప."

"ఎందుకు తాగినవ్?"

సంసోను అరుగు మీద కూలబడ్డాడు. మెల్లగా చెప్పుకొచ్చాడు. రిబ్కా పెళ్లి ఖాయమైందని తెలిసి గంగయ్యే పిలిచాడట. మీ విందులో మాకు గుక్కెడు కూడా పొయ్యరు, మూలకు నిలబడి తిని పోతాం, మరి మా బిడ్డ పెళ్లికి మా సంబురం మేమెక్కడ చేసుకోవాలె అన్నాడట. వాళ్ల స్తోమతలో వాళ్లు దావత్ పెట్టారు. అప్పుడే చెట్టు మీంచి దించిన తాటికల్లు, ఉడకేసిన శనగ గుడాలు, గోప్యా ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు. ఎండ ఎక్కకముందు కల్లు తియ్యగా, చల్లగా ఉంది. గంగయ్య రిబ్కా పేరు చెప్పి మొదటి చుక్కలు నేల మీద వదిలాడు. గోప్యా తండా పాట ఎత్తుకుని, మధ్యలో మరిచిపోయి, తనే నవ్వాడు.

"వానల్ల వాగు పొంగిన్నాడు, జరమొచ్చిన రిబ్కాను భుజానేసుకుని దవాఖానాకు దాటించింది గోప్యానే గదా. వాడు పోస్తుంటే కాదనలేక తాగిన అని చెప్పను విశ్రాంతం. తాగబుద్ధయి తాగిన. నా బిడ్డ పెండ్లి."

 విశ్రాంతమ్మకు తనతో చెప్పి పోలేదనే కోపం ఒక పక్క, తను ఊరంతా చెప్పి వచ్చానన్న సిగ్గు ఒక పక్క. "నన్ను అడగకపోతివి. నేను నిన్ను అడగకపోతిని," అంటూ అతని పక్కనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. సంసోను ఆమె వీపు మీద చెయ్యేశాడు.

మర్నాడు పెద్దలు వచ్చేసరికి వాకిట్లో పందిరి లేస్తోంది. పైన గంగయ్య తాటాకులు కప్పుతున్నాడు, కింద గోప్యా అందిస్తున్నాడు. యాకోబు వాళ్ల వైపు చూడలేదు. వెంట వచ్చినాయనతో మంచం మీద కూర్చుని తీర్పు చెప్పాడు. రేపు ఆరాధనలో సంసోను లేచి ఒప్పుకోవాలి, ఈ ఇద్దరి సావాసం ఇడుస్తానని మాటివ్వాలి. లేదంటే గురువారం పిల్లను సంఘపెద్దగా తానే నడిపిస్తాడు.

"తాగినని చెప్త. తప్పే," అన్నాడు సంసోను. "వీళ్లను ఇడుస్తనని మాత్రం చెప్పను. బల్ల ముందర అబద్ధమాడ."

పందిరి మీద తాటాకుల చప్పుడు ఆగింది. గడపలో రిబ్కా ఏడుస్తోంది.

"పులిసింది నోట్లె పోసుకున్నోడు బిడ్డ చెయ్యి పట్టుకుని దేవుని ముందరికెట్ల వస్తడు?" అన్నాడు యాకోబు.

విశ్రాంతమ్మ వంటింటి గూట్లో ఉన్న జాడీ వైపు చూసింది. నోరు తెరిస్తే అది రేపటి నుంచి ఇంకో ఇంట్లో ఉంటుంది. తెరవకపోతే రిబ్కా ఇంకొకరి చెయ్యి పట్టుకుంటుంది. కొంగు నడుముకు దోపి ముందుకొచ్చింది.

"పోయిన నెల మీరు తాగింది పులిసిందే, పెద్దయ్యా. సరిగ కాయలే. నురుగొచ్చింది."

యాకోబు మొహం మాడిపోయింది. "తెలిసే పంపినవా?"

"తెలిసే పంపిన. మీరు తెలవకనే ఇంకో గిన్నె అడిగిండ్రు. రేపు నేను లేచి ఒప్పుకుంట, నా ఎనక ఆయన లేస్తడు, ఆయన ఎనక మీరు లేవుండ్రి. పులిసింది తాగినోళ్లంత లేచినంక, ఇంకా కూసున్నోడెవడన్న ఉంటే వాణ్ణి నడిపియ్యమనుండ్రి నా బిడ్డను."