ఒక్క తీరుగా ఉడకని అన్నం

ఇసుక లారీల చప్పుడు మొదలైందంటే ఆ కాలనీలో తెల్లవారినట్టే. ఎల్బీ నగర్ చౌరస్తా వెనక, ఇంకా సున్నం కూడా పడని రెండు గదుల ఇంట్లో కరుణ కిరసనాయిలు స్టవ్ వెలిగించి బియ్యం డబ్బా మూత తీసింది. అడుగున గ్లాసెడు కూడా లేవు. డబ్బాను వంచి, తట్టి, ఉన్నవన్నీ చేటలో పోసుకుంది.

ఆమె అత్త మార్తమ్మ రోజూలాగే వచ్చి, ఆ కొంచెంలోంచే పిడికెడు తీసి గూట్లోని మట్టికుండలో వేసింది. అది దేవుని కుండ. ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం అందులో పడాలి. కుండ నిండితే చర్చికి చేరాలి. మార్తమ్మకు అది తల్లి నేర్పిన అలవాటు.

"ఇయ్యాల మా అన్న దగ్గరికి పోయి బియ్యం తెస్త" అంది.

ఆ అన్న చౌటుప్పల్‌లో ఉంటాడు. తన కొడుకు మంచాన పడ్డ దగ్గర్నుంచీ మార్తమ్మ అప్పుడప్పుడూ వెళ్లి ఒక సంచి తెస్తుంది. ఆ బియ్యాన్ని ఎంత నేర్పుగా వండినా అన్నం ఒక్క తీరుగా ఉడకదు. కొన్ని మెతుకులు జావైపోతాయి, కొన్ని పలుకులుగా పంటికి తగులుతాయి. చెరిగేటప్పుడు చూస్తే లావువి, సన్నవి, ఎర్రవి, నూకలు అన్నీ కలిసే ఉంటాయి. కరుణ భర్త జకరయ్య ముద్ద కలిపినప్పుడల్లా, మా మామ గోదాములు ఊడ్చి పంపుతున్నాడు, మేనల్లుడంటే అంత ప్రేమ అనేవాడు. కరుణ కూడా నవ్వేది.

జకరయ్య తాపీమేస్త్రి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటికి పైఅంతస్తు కడుతూ గోడకు కట్టిన కర్రల మీదినుంచి పడ్డాడు. కుడికాలి ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. పని ఇచ్చిన కాంట్రాక్టరు మళ్లీ కనబడలేదు. కరుణ కుట్టే జాకెట్లతో కిరాయి మాత్రం వెళ్తోంది. చర్చి అయ్యగారు మొదట్లోనే బియ్యం సంచితో పలకరించడానికి వస్తే జకరయ్య గుమ్మంలోనే ఆపేశాడు. తాను అడుక్కుతినేవాణ్ని కాదన్నాడు. చర్చి బియ్యం గడప దాటితే ముద్ద ముట్టనని ఆయన ఎదుటే ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన లేదు. ఇంటి మగవాడు మొదలుపెట్టాల్సిన ప్రార్థన మార్తమ్మ పెదవుల మీదే కదిలి ఆగిపోయేది.

ఆ పొద్దున ఆమె చెయ్యి కుండలోకి వెళ్లడం మంచం మీదినుంచి జకరయ్య చూశాడు.

"ఎవరికమ్మా గవి?"

"దేవునికి, బిడ్డా."

"డబ్బ తట్టిన సప్పుడు నాకినబడ్డది. మనకే లేవు. ఆయనకెందుకు?"

"మనకు లేవని ఆయనకు బంద్ జేస్తమా?"

జకరయ్య చంకకర్ర అందుకుని లేచాడు. "నేను పడ్డనాడు పట్టుకున్నడా? పట్టుకోనోనికి పిడికెడెందుకు పెట్టాలె?"

అతను గూటి దగ్గరికి వచ్చి కుండ మీద చెయ్యి వేశాడు. మార్తమ్మ రెండు చేతులూ కుండ మూతికి అడ్డం పెట్టింది. జకరయ్య తల్లి వేళ్లను ఒక్కొక్కటే విడదీశాడు. గట్టిగా కాదు, మెల్లగానే. ఆ మెల్లదనాన్నే కరుణ చూడలేకపోయింది.

"ఇవి గూడ కలిపి వండు" అని కుండ కరుణ చేతికిచ్చాడు.

వద్దనాలని ఆమెకు నోటిదాకా వచ్చింది. కానీ ఆకలి ఆమెకూ ఉంది, కోపమూ ఉంది. కుండ చేటలో గుమ్మరించింది. మార్తమ్మ ఖాళీ సంచి చంకన పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాటినా ఆమె రాలేదు. జకరయ్య కంచం ముందే కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు. అన్నం చల్లారి గడ్డకట్టింది. చివరికి, "జర చూసిరా, చెప్పుల్లేకుండ పోయింది" అన్నాడు కరుణతో.

బస్టాపు పక్కన జామపండ్లు అమ్మే సైదమ్మ, మార్తమ్మ బస్సెక్కలేదని చెప్పింది. "మీ చర్చి దిక్కు పోయింది. ఎప్పుడూ గటే పోతది గద. నీకెరుక లేదా?"

కరుణ కాళ్లు వేగం పెంచాయి. చర్చి వెనక అయ్యగారి భార్య కుసుమకుమారి వరండాలో పెద్ద డ్రమ్ము ఉంది. ఆడవాళ్లు ఇళ్లల్లో దాచిన పిడికిలి బియ్యం తెచ్చి అందులో పోసి వెళ్తున్నారు. మెట్టు మీద మార్తమ్మ కూర్చుంది. ఒళ్లో నిండిన సంచి.

కరుణ డ్రమ్ములో చెయ్యి పెట్టింది. లావువి, సన్నవి, ఎర్రవి, నూకలు. రోజూ చేటలో చూసేవి. చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఎవరికి ఇచ్చేదీ బయటికి చెప్పమమ్మా" అంది కుసుమకుమారి ఇబ్బందిగా. "మీ ఇంట్లోనూ తెలియకూడదని మీ అత్తగారే అడిగారు."

మార్తమ్మ కోడలి చెంగు పట్టుకుంది. "వానికి జెప్పకు బిడ్డా. ఒట్టు పెట్టుకుండు, తినడు. వాడు బతకాలె నాకు."

కరుణ సంచి నెత్తికెత్తుకుంది. దారి పొడవునా ఊడ్చిన బియ్యమని తాను నవ్విన నవ్వే కరుణ చెవుల్లో తిరిగింది.

"మామ మంచిగున్నడా?" అన్నాడు జకరయ్య, తల్లి కాళ్లకంటిన దుమ్ము చూస్తూ.

మార్తమ్మ నోరు తెరిచేలోపే కరుణ చెప్పేసింది. "మామ దగ్గరికి పోలేదు. ఒక్కసారి గూడ పోలేదు. మనం తిన్నది చర్చి బియ్యం."

జకరయ్య కంచాన్ని దూరంగా నెట్టేశాడు.

"ఎవరెవరియి?" అన్నాడు. "పేర్లు జెప్పు. కాలు మంచిగైనంక ఎవరియి వాళ్లకు ఇచ్చేస్త."

మార్తమ్మ భయపడుతుందనుకుంది కరుణ. కానీ అత్త నేల మీద కూర్చుని, సంచిలోంచి గుప్పెడు చేటలో పోసి వేలితో వేరు చేయడం మొదలుపెట్టింది.

"ఎర్రటియి లచ్చమ్మయి. బాసన్లు తోమే ఇంట్ల ఇస్తరామెకు. సన్నటియి అయ్యగారింటి అమ్మగారియి. నూకలు ముసలి ఏలీయమ్మయి, పండ్లు లేవు, అవే తింటది." వేలు ఆగింది. "ఈ లావువాట్లల్ల మనయి గూడ ఉన్నయి. నేను తీసిన పిడికిలి గూడ గా డ్రమ్ములనే పడ్డది. గిప్పుడు చెప్పు కొడుకా, ఎవరియి ఎవరికిస్తవు?"

జకరయ్య చేటకేసి చూశాడు. ఇసుకా సిమెంటూ కలిపాక విడదీయలేరని అతనికి తెలియనిది కాదు.

"నేను పడ్డనాడు పట్టుకోలేదంటి" అన్నాడు. "గిన్ని దినాల సంది రోజూ పట్టుకుంటనే..."

నెట్టేసిన కంచాన్ని తానే దగ్గరికి లాక్కున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"తండ్రీ" అని ఆగిపోయాడు. మార్తమ్మ పెదవులు ఈసారి కదల్లేదు. కొడుకు కోసం ఆగింది. "ఈ అన్నం పెట్టినవ్" అన్నాడు చివరికి. అంతకంటే రాలేదు. ఆమేన్ అన్నది కరుణ. మార్తమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ముగ్గురూ చల్లారిన అన్నమే పంచుకుని తిన్నారు. కరుణ పంటికి పలుకు తగిలింది. ఎవరి ఇంటిదో అనుకుని నిదానంగా నమిలింది.

సాయంత్రం ఎసరు పెట్టి బియ్యం కొలుస్తుంటే చంకకర్ర చప్పుడయింది. జకరయ్య వంగి సంచిలో చెయ్యి పెట్టాడు. తాపీ పట్టిన పెద్ద చెయ్యి అది. మార్తమ్మ పిడికిలికి రెండింతలు పట్టింది. తీసి ఖాళీ కుండలో వేశాడు.

సంచి అడుగంటిన రోజు తమ ముగ్గురిలో ఒకరికి సగం కడుపేనని కరుణ లెక్క కట్టింది. చాలు అనలేదు. కుండ గూట్లో పెట్టి, మూత వేసింది.