పది లక్షల ఒకటి

పులికొండ దుర్గము చుట్టును చంద్రవాడ సేనల గుడారములు కొండపాదము మొదలుకొని ఏటి ఒడ్డు దాక పుట్టగొడుగులవలె మొలచియుండెను. కోటలో గుఱ్ఱములు ఎండుతాటాకులు నమలుచుండెను. తల్లులు బిడ్డలకు గంజినీళ్లు పంచుచుండిరి.

అట్టి దినమున శత్రురాయబారి కొలువున నిలిచి, మీసము దువ్వుచు పలికెను.

"ప్రభూ! గణితమున మీ ఆస్థానమునకు సాటి లేదందురట! పది లక్షల ఒకటిని శేషము లేకుండ భాగించు సంఖ్యను, ఒకటియు తానును గాక, సూర్యాస్తమయములోగా చూపుడు. చూపితిరా, మీ స్త్రీలను, పిల్లలను క్షేమముగా ఏరు దాటింతుము. లేదా, కోట తలుపులు తెఱవుడు. మా పండితులు దానిని అభేద్యమని తేల్చిరి."

సేనాని ముమ్మడినాయకుడు వలదన్నను, మంత్రి దేచయామాత్యుడు తొందరపెట్టగా రాజు మాట యిచ్చెను.

ఆస్థానగణకుడు సింగనార్యుడు ఇసుకపలక ముందు కూర్చుండెను. మూడు, ఏడు, పదునొకటి, పదుమూడు... దేనితో భాగించినను శేషము మిగులుచునే యుండెను. అంతలో దేచయ లోనికి వచ్చి తలుపు మూసెను.

"సింగనా! అభేద్యమని చెప్పుము. తలుపులు తెఱచుకొన్ననాడు చంద్రవాడవారు ఈ కోటను నాకిత్తురు. నీ తమ్ముడు గుండయ నా యింట నా భటుల చేత నున్నాడు. ఎదురు తిరిగితివా, వాని తల తెగును."

తల్లి పోయిన నాటినుండి గుండయను చంక దింపక పెంచినవాడు సింగన. అయినను లెక్క ఆగలేదు. నూటయొకటి కడ శేషము సున్న అయ్యెను. గోడ కావల ఎవరి బిడ్డయో ఆకలికి ఏడ్చుచుండెను.

పొద్దు వ్రాలువేళ అతడు నిండుకొలువున నిలిచెను. దేచయ చూపు కత్తివలె అతని మెడపై నుండెను.

"నూటయొకటిని తొమ్మిదివేల తొమ్మిదివందల మారులు వేయుడు. తొమ్మిది లక్షల తొంబదితొమ్మిదివేల తొమ్మిదివందలగును. మిగిలినది నూటయొకటి. అదియు ఇంకొక మారు. శేషము లేదు!" అని, దేచయ వైపు చేయి చాచి, "నాయకా! నా తమ్ముని ఈ ద్రోహి చెఱబట్టినాడు. వాని యింటికి పరుగెత్తుము!" అని కేక వేసెను.

ముమ్మడి పరుగెత్తెను గాని, అంతకుముందే దేచయ భటునికి కనుసైగ చేసియుండెను. సేనాని గుండయ దేహమును తన ఉత్తరీయమున చుట్టి తెచ్చి అన్న పాదములకడ దింపి, మంత్రి తల నఱకెను.

రాయబారి వెంట వచ్చిన శత్రుపండితుడు లెక్క సరిచూచి తలవంచెను. రాయబారి పండ్లు కొఱికెను.

"ఇచ్చిన మాట కాబట్టి ఆడవాండ్రను, పిల్లలను వదలుచున్నాము. రేపు మీ యెముకలును మిగులవు!"

పండితుడు గణకుని సమీపించి, "ఆర్యా, మాతో రండు. ప్రాణము దక్కును" అనెను.

"నా తమ్మునికి నిప్పు పెట్టవలసియున్నది" అనెను సింగన.

మఱునాడు పులికొండ కూలెను. ముక్కలైన తలుపుల నడుమ ముమ్మడినాయకుడును, అతని ప్రక్కనే సింగనార్యుడును పడియుండిరి. అప్పటికి కడపటి పడవ ఆవలి ఒడ్డు చేరెను.