పడవ అంచుకు కొత్త చెక్క

పొద్దున్నే ఇల్లంతా ఒక్కసారే పిలిచినట్టుండేది నాగరాణికి. పొయ్యి మీద అన్నం పొంగుతుంటే బయట నల్లా వచ్చేది. లోపలి గదిలో అత్త బుగ్గమ్మ దగ్గుతూ వేడినీళ్లు అడిగేది. ఆ శనివారం కూడా అంతే. గంజి వంపి, టిఫిన్ డబ్బా కట్టుకుని, గబగబా వచ్చి భర్త చొక్కా గుండీలు పెట్టసాగింది. తాండూరులో ఆమె పనిచేసే పప్పు మిల్లుకు వెళ్లాలంటే ధారూర్ స్టేషన్లో రైలు అందుకోవాలి.

"నాగీ, రేపు ఆయితారమే గదా," అన్నాడు విజయ్‌కుమార్. "పడవకు కొత్త చెక్క ఎక్కియ్యాలె. ఒక్కన్తోని అయితలేదు. జర చెయ్యి పడతవా?"

"చూద్దాం."

"చూద్దాం అంటే ఎట్ల? చెక్క తెప్పిచ్చి పది దినాలాయె."

"ఇంట్ల ఏ పనీ లేనట్టు పడవ ముచ్చటేంది పొద్దుగాల్నే? రైలు పోతది, జరుగు," అంటూ ఆఖరి గుండీ పెట్టి బయటపడింది.

ఏడాది కిందటి వరకూ విజయ్‌కుమార్ ఊరి దగ్గరి ప్రాజెక్టు చెరువులో పడవలు తిప్పేవాడు. ఆదివారాలు హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లను ఎక్కించుకుని అటు గట్టు దాకా తీసుకెళ్లి తెచ్చేవాడు. వాటిలో ఒక్కటే తెరచాప పడవ. పట్నంలో ఎవరో వాడి వదిలేసిన పాత చిన్న పడవను ముచ్చటపడి కొనుక్కున్నాడు. గాలి వాలు చూసి తెరచాప తిప్పడం తనంతట తానే నేర్చుకున్నాడు. తర్వాత ఒకరోజు నీళ్ల ఒడ్డునే కూలబడిపోయాడు. పక్షవాతం. ప్రాణం దక్కింది, మాట మళ్లీ వచ్చింది. ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తాడు. ఎడమ చెయ్యి మాత్రం పట్టు దొరకకుండా మిగిలిపోయింది.

అప్పటి నుంచి పడవ పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంది. దాని అంచు చుట్టూ బిగించిన చెక్కపట్టీ కుళ్లిపోయింది. పడవ గట్టురాయికి తగిలినా, పక్క పడవకు రాసుకున్నా ఆ దెబ్బ ముందు కాచుకునేది ఆ పట్టీయే. అది లేకుండా నీళ్లలోకి దింపితే పడవ ఒళ్లు చీరుకుపోతుంది. విజయ్‌కుమార్ రోజంతా అక్కడే కూర్చుని తుప్పుపట్టిన స్క్రూలు ఒక్కొక్కటే ఊడదీస్తూ, పాత బొక్కలు లప్పంతో పూడుస్తూ గడిపేవాడు. నాగరాణి సాయంత్రం మిల్లు దుమ్ముతో ఇంటికొస్తే అతని వీపే కనిపించేది.

ఆ పూట రైల్లో కూర్చోవడానికి చోటు దొరకలేదు. తలుపు పక్కన నిలబడి ఆమె వికారాబాద్‌లో ఉండే మరిది పరమేశ్‌కు ఫోన్ చేసింది. పరమేశ్ కొండ మీది రిసార్టులకు సామాన్లు చేరవేసే ట్రాలీ ఆటో నడుపుతాడు.

"మొన్న ఎవరో పడవ అడిగిండ్రన్నవు గదా? తీస్కపో తమ్మీ. నాకు దాన్ని చూస్తేనే ఇసుగొస్తది."

"అన్నను అడిగినవా వదినా?"

"నేను చెప్త. నువ్వు వచ్చి తీస్కపో."

కానీ ఆమె చెప్పలేదు. రాత్రి అన్నం పెడుతూ చెబుదామనుకుంది. అతను కొత్త చెక్కను నానబెట్టిన సంగతి చెబుతుంటే నోరు రాలేదు. పరమేశ్ ఎప్పుడో వారం పదిరోజులకు వస్తాడులే అనుకుని పడుకుంది.

ఆదివారం బట్టలు ఉతికి ఆరేసేసరికే నడుం పట్టేసింది. అయినా భర్త షెడ్డులోంచి రెండుసార్లు పిలవడంతో వెళ్లింది. పొడుగాటి టేకు పట్టీకి తడి గోనెసంచులు చుట్టి ఉన్నాయి. వాటి మీద బుగ్గమ్మ చెంబుతో వేడినీళ్లు పోస్తోంది.

"ముక్కు కాడికెళ్లి మొదలువెడదాం," అన్నాడు విజయ్‌కుమార్. "నేను స్క్రూలు బిగిచ్చుకుంట వస్త. నువ్వు ఆ కొస పట్టుకొని మెల్లగ లోపలికి ఒంచుకుంట రావాలె. ఒక్కపారే గుంజితే ఇరుగుతది."

ఆమె కొస పట్టుకుంది. చెక్క జారుతోంది, బరువుగా ఉంది. అతను కుడిచేత్తో డ్రిల్లు పట్టుకుని, పట్టీని మోకాలితో అదిమి బొక్క వేశాడు. స్క్రూ పెట్టాడు. అది చేతిలోంచి జారి కింద పడింది. ఆమె వంగబోతే, "నువ్వు కొస ఇడవకు!" అని అరిచి, తనే కాలు ఈడ్చుకుంటూ వంగి వెతికి తీశాడు. అంతసేపూ ఆమె రెండు చేతులూ లాగేస్తూనే ఉన్నాయి.

పట్టీ సగం దాకా బిగిసింది. అప్పుడు వాకిట్లో ట్రాలీ ఆగిన చప్పుడైంది.

"అన్నా!" అంటూ వచ్చిన పరమేశ్ పడవను చూసి నవ్వాడు. "గింత కష్టం ఎందుకే? వాళ్లేం నీళ్లల్ల ఇడుస్తలేరు. గేటు కాడ పెట్టి, మన్ను నింపి పూలచెట్లు పెడ్తరంట."

విజయ్‌కుమార్ చేతిలో డ్రిల్లు ఆగింది. "ఎవరు?"

"రిసార్టోళ్లు. వదిన చెప్పలే?"

విజయ్‌కుమార్ డ్రిల్లును మెల్లగా నేల మీద పెట్టి భార్య వైపు చూశాడు.

"మన్ను నింపుతరంట నాగీ. నన్నొక మాట అడగాలె అనిపియ్యలేదా?"

అతను కేకలేసి ఉంటే ఆమె తట్టుకునేదేమో. ఆ నెమ్మదికి ఆమెలో ఏడాదిగా అణిగి ఉన్నదంతా పొంగింది.

"అడిగితే ఇస్తనంటవా? పొద్దంత గీ పడవ కాడ్నే కూసుంటవు. నేను మిల్లుకెళ్లి వచ్చేసరికి ఇంట్ల బుడ్డెడు నీళ్లు ఉండవు, పొయ్యి రాజుకోదు. తిన్నవా నాగీ అని ఒక్కనాడు అడగలే. నాకు జెరమొచ్చిన నాడు గూడ నువ్వు స్క్రూలే ఊడదీసుకుంట కూసున్నవు. గీ చెక్క మీదున్న ఫికర్ నా మీద లేకపాయె. అలిసిపోయిన నేను. మస్తు అలిసిపోయిన."

అయినా చెక్క కొసను ఆమె వదల్లేదు.

"నీళ్లు పట్టొస్తనని బిందె తీస్తే ఎవరు గుంజుకున్నరు?" అన్నాడు విజయ్‌కుమార్. "సగం ఒలకబోస్తవ్, పో, నేనే తెచ్చుకుంట అన్నవు. కూరగాయలు కోస్తనంటే కత్తి తీసుకున్నవు. అమ్మ అన్నం గూడ కలిపి పెడ్తది. నేను మంచిగయితనా కానా అని ఒక్కలు చూడరు. గీ ఇంట్ల నాకు పని చెప్పేటోళ్లే లేరు. గీ పడవ ఒక్కటే చెప్పింది."

అతని చేతిలోంచి బిందె లాక్కున్న రోజు నాగరాణికి గుర్తుంది. రైలుకు టైమైపోతోంది. అతను నల్లా దగ్గర్నుంచి అడుగులో అడుగేసుకుంటూ వస్తున్నాడు. కష్టపెట్టకూడదనే లాక్కున్నాననుకుంది ఇన్నాళ్లూ. నిజానికి, అంత నెమ్మదిగా వచ్చే మనిషి కోసం ఆగే ఓపిక ఆమెకు లేకపోయింది. ఒక్కొక్క పనే తన నెత్తికెత్తుకుంది. ఎత్తుకున్నందుకు అతని మీదే కోపం పెంచుకుంది.

బుగ్గమ్మ చెంబు కింద పెట్టింది. "నేనైనా ఏం చేసిన్నే? ఈడు పోయిండనుకుంటే పానం మళ్ల దక్కిందని, పసిపోరన్ని సాకినట్టు సాకవట్టిన. ఆని మనసు చూడకపోతి."

"అత్తా, చెక్క ఆరుతుంది," అంది నాగరాణి. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. "తడి ఆరితే వంగదన్నడు గదా. నీళ్లు పొయ్యి. పరమేశ్, వచ్చి నడుమ పట్టుకో." భర్త వైపు తిరిగింది. "ఎంత ఒంచాల్నో చెప్పు. నాకెర్క లేదు."

విజయ్‌కుమార్ వంగి డ్రిల్లు అందుకున్నాడు.

"జర లోపలికి... ఇంకొంచెం... చాలు, చాలు. పట్టుకో."

స్క్రూ పడితే అతనే తీసుకున్నాడు. అతను తీసుకునేదాకా మిగతావాళ్లు ఆగారు. ఒకచోట చెక్క చిట్లినట్టు చప్పుడైతే నలుగురూ ఊపిరి బిగబట్టారు. ఏమీ కాలేదు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి పట్టీ రెండు కొసలూ పడవ ముక్కు దగ్గర కలిశాయి. విజయ్‌కుమార్ అరచేత్తో అంచంతా తడుముతూ పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"పరమేశ్, పూలచెట్లకైతే ఇయ్య," అన్నాడు. "నీళ్లల్ల తిప్పేటోళ్లుంటే చెప్పు, ఇచ్చేస్త. నా ఒక్క చేతితోని తెరచాప తాడు ఆగదని నాకెర్కే. మీ వదిన అనుకున్నట్టు దాన్ని కావలించుకొని కూసుండ."

నాగరాణి అక్కడే, తడినేల మీదే కూలబడింది. అతను కష్టంగా వంగి ఆమె పక్కన కూర్చున్నాడు.

"మనసుల పెట్టుకోకు నాగీ. నీకు జెరమొచ్చిన నాడు నేను ఇంట్లకు రాలే. వస్తే ఏం చేస్తనని భయమైంది. నీ మంచం పక్కన ఊకె కూసున్నా సరిపోతుండె. అది గూడ చాతకాలే నాకు."

ఆమె అతని భుజానికి తల ఆనించింది. కాసేపటికి మెల్లగా అడిగింది. "రాత్రి అంట్లు, పొద్దుగాల అంట్లు, అన్నీ గట్లనే ఉన్నయి. తోముతవా?"

పరమేశ్ నవ్వబోయి, తల్లి చూపు చూసి ఊరుకున్నాడు.

"తోముత," అన్నాడు విజయ్‌కుమార్. "నీ అంత జల్ది కాదు గని."

"జల్ది ఎవరు అడుగుతుండ్రు?"

ఆమె లేచి వెళ్లి వరండాలో నులకమంచం మీద వాలింది. జ్వరమొచ్చినప్పుడు తప్ప, పెళ్లయ్యాక పట్టపగలు ఆమె నడుం వాల్చడం అదే మొదలు. పెరట్లో బూడిద రాస్తున్న చప్పుడు, ఆగి ఆగి నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపిస్తున్నాయి. ఉన్నట్టుండి కంచం జారి బండల మీద గింగిరాలు తిరిగింది. నాగరాణి ఉలిక్కిపడి లేవబోయింది.

తలాపున కూర్చున్న బుగ్గమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "పండుకో బిడ్డా. ఆడే తీసుకుంటడు."

నాగరాణి మళ్లీ పడుకుంది. కంచం చప్పుడు ఆగింది. కొంచెం సేపటి తర్వాత మళ్లీ నీళ్లు పోస్తున్న చప్పుడు మొదలైంది. కళ్ల చివర్ల నుంచి జారిన నీళ్లు చెవుల్లోకి దిగుతుంటే తుడుచుకోకుండానే ఆమె నిద్రపోయింది.